విదేశీ పాత కారు ఇంటికి తెచ్చుకోవాలంటే: సుంకం కంటే ముందే అడ్డుపడేవి

కొన్నేళ్లు విదేశంలో ఉండి తిరిగొచ్చే కుటుంబాలకు సామాను సర్దుకునే రోజుల్లో ఒక ఆలోచన తప్పకుండా వస్తుంది. మంచాలు, ఫ్రిజ్జు ఎలాగూ కంటైనర్‌లో వస్తున్నాయి, కారు కూడా అందులోనే ఎక్కిస్తే పోలేదా అని. ఎవరిని అడిగినా చెప్పే జవాబు ఒకటే, సుంకం బాగా ఎక్కువ అని. ఆ మాట అబద్ధం కాదు గానీ, వినేవాళ్లకు తప్పుడు భరోసా ఇస్తుంది. డబ్బు కట్టగలిగితే కారు వచ్చేస్తుందేమో అనిపిస్తుంది. నిజానికి పూర్తి సుంకం కట్టడానికి చెక్కు పట్టుకుని సిద్ధంగా ఉన్నా, చాలావరకు కార్లను రేవు దాటనివ్వరు. సుంకం ఎంత అన్నది రెండో ప్రశ్న. అసలు ఈ కారు దేశంలోకి రావచ్చా అన్నది మొదటిది. దాని జవాబు దిగుమతి విధానంలో వాహనాలకు సంబంధించిన 87వ అధ్యాయం షరతుల్లో ఉంటుంది, కస్టమ్స్ టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) కాదు.

ఈ షరతుల వెనక ఒక చరిత్ర ఉంది. దిగుమతుల పరిమాణం మీద భారత్ పెట్టిన ఆంక్షలపై అమెరికా వేసిన కేసులో 1999లో ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర భారత్ ఓడిపోయింది. దాంతో 2001 ఏప్రిల్ 1 నాటికి మిగిలిన ఆంక్షలన్నీ ఎత్తేయాల్సి వచ్చింది. ఆ జాబితాలో పాత కార్లూ ఉన్నాయి. జపాన్ నుంచి వాడిన కార్లు వరదలా వచ్చిపడతాయని అప్పట్లో దేశీయ పరిశ్రమ భయపడింది. నిషేధం పెట్టే వీలు లేదు కాబట్టి ప్రభుత్వం తలుపు తెరిచి, గడప ఎత్తు పెంచింది. కారు వయసు, స్టీరింగ్, దిగే రేవు, పరీక్షలు, సుంకం అంటూ ఒకదాని వెనక ఒకటి జల్లెడలు పెట్టింది. ఒక్కొక్కటి విడిగా చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. అన్నీ కలిస్తే మాత్రం దాదాపు నిషేధమే.

స్టీరింగ్, స్పీడోమీటర్, పొగ

మొదటి జల్లెడ స్టీరింగ్. అది కుడివైపే ఉండాలి. ఈ ఒక్క షరతుతో అమెరికా, కెనడా, గల్ఫ్ దేశాలు, జర్మనీ, ఫ్రాన్స్ అన్నీ లెక్కలోంచి పోతాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న దేశాలు చాలావరకు ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాయన్నమాట. మిగిలేవి బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, సింగపూర్, మలేషియా, జపాన్, దక్షిణాఫ్రికా, మరికొన్ని.

ఇక్కడ చాలామంది ఒక చట్టాన్ని చూసి పొరబడతారు. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం, సరైన సిగ్నల్ పరికరం పనిచేస్తూ ఉంటే ఎడమ స్టీరింగ్ బండిని కూడా రోడ్డు మీద నడపొచ్చు. అది దేశంలో చట్టబద్ధంగా ఉన్న బండి గురించి రాసిన మాట. రాయబార కార్యాలయాల కార్లు, పర్యాటకంగా వచ్చి వెళ్లే బండ్లు అలా తిరుగుతాయి. ఆ సెక్షన్ చూపిస్తే దిగుమతికి అనుమతి రాదు.

స్టీరింగ్ మార్పించుకుంటే సరిపోదా అని కొందరంటారు. మార్చాల్సింది చక్రం ఒక్కటే అయితే బాగుండేది. స్టీరింగ్ ర్యాక్ మారాలి. బ్రేక్ పెడల్, దాని బూస్టర్, మాస్టర్ సిలిండర్ అవతలి పక్కకు వెళ్లాలి. అందుకోసం ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనుప గోడను కొత్తచోట కోసి, పాత రంధ్రాలు మూసి వెల్డింగ్ చేయాలి. డ్యాష్‌బోర్డు మొత్తం, ఏసీ పెట్టె, వైపర్ లింకులు, వైరింగ్ కట్ట, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అన్నీ కదులుతాయి. అదే మోడల్ కుడి స్టీరింగ్‌లో కూడా తయారవుతుంటే విడిభాగాలైనా దొరుకుతాయి, లేకపోతే వర్క్‌షాపు సొంత తెలివి మీద ఆధారపడాల్సిందే. ఇదంతా అయ్యాక అది తయారీ సంస్థ పరీక్షించి ఆమోదం తీసుకున్న కారు కాదు. ఢీకొన్నప్పుడు ఎలా ముడుచుకుంటుందో చెప్పగలిగేవాళ్లు ఉండరు. తర్వాత అడగబోయే సర్టిఫికెట్లన్నీ తయారీ సంస్థ రికార్డుల మీదే ఆధారపడతాయి కాబట్టి, మార్పించిన కారు అక్కడ చిక్కుకుంటుంది.

రెండో షరతు హెడ్‌లైట్లది. ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు తగ్గట్టు వెలుగు ఎడమ అంచు వైపు కాస్త పైకి లేచి, ఎదురుగా వచ్చేవారి వైపు కిందికి ఉండాలి. కుడి స్టీరింగ్ దేశాల కార్లకు ఇది మామూలుగానే ఉంటుంది. స్టీరింగ్ మార్చిన కార్లలో లైట్లు పాతవే ఉంచేస్తే ఎదుటివాడి కళ్లలోకే కొడతాయి.

మూడోది స్పీడోమీటర్. వేగం కిలోమీటర్లలో చూపాలి. వినడానికి చిన్న విషయమే గానీ, బ్రిటన్ కార్లకు తగిలే దెబ్బ ఇదే. అక్కడ మీటరు మైళ్లలో ఉంటుంది. డిజిటల్ తెర ఉన్న కారైతే సెట్టింగ్స్‌లో మార్చుకుంటే అయిపోతుంది. ముల్లు మీటరు అయితే పెద్ద అంకెలు మైళ్లవి, లోపల సన్నగా కిలోమీటర్లవి ఉంటాయి. ఆ మీటరు పలకను మార్చాలంటే అదే మోడల్‌కు ఆస్ట్రేలియాకో, ఐర్లాండ్‌కో ఇచ్చిన క్లస్టర్ (మీటర్ల పెట్టె) తెచ్చి, ఓడోమీటర్ రీడింగ్ అందులోకి ఎక్కించి, ఆ పని అధికారిక డీలర్ చేసినట్టు కాగితం తీసుకోవాలి. కాగితం లేకుండా మార్పిస్తే ఓడోమీటర్‌ను తిప్పేసిన కారుగా అనుమానిస్తారు.

ఇక పొగ ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 అమల్లో ఉంది. బ్రిటన్ కొత్త కార్లు దాదాపు అదే మెట్టు మీదున్న ఐరోపా ప్రమాణం యూరో-6వి కాబట్టి ఇక్కడ గట్టెక్కే అవకాశం ఉంది. ఆస్ట్రేలియాది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. మీటరు కిలోమీటర్లలోనే ఉంటుంది, ట్రాఫిక్ ఎడమవైపే, స్టీరింగ్ కుడివైపే. కానీ ఆ దేశం చాలాకాలం యూరో-5 దగ్గరే ఆగిపోయింది. యూరో-6డి నిబంధన కొత్త మోడళ్లకు 2025 డిసెంబర్ నుంచే మొదలైంది. కాబట్టి మెల్‌బోర్న్‌లో రెండేళ్ల కిందట కొన్న ఖరీదైన కారు కూడా పొగ పరీక్ష కాగితాల్లో బీఎస్-6కి ఒక మెట్టు కింద ఉండే ప్రమాదం ఉంది. అదే కంపెనీ ఐరోపాకు యూరో-6 ఇంజిన్ పంపుతూ ఆస్ట్రేలియాకు ఫిల్టర్ లేని రకం పంపి ఉండొచ్చు. చూడాల్సింది ఛాసిస్ నంబర్ ప్రకారం తయారీ సంస్థ ఇచ్చే ఉద్గారాల వివరాలను. ఈ లెక్కన సింగపూర్ కార్లే అన్నిటికంటే సులువు. కుడి స్టీరింగ్, కిలోమీటర్లు, పెట్రోల్ కార్లకు 2017 సెప్టెంబర్ నుంచి యూరో-6. పైగా అక్కడ కారు రిజిస్ట్రేషన్ రద్దు చేసి దేశం దాటిస్తే, కొన్నప్పుడు కట్టిన పన్నుల్లో, కారు ఉంచుకోవడానికి అక్కడ తప్పనిసరిగా కొనే హక్కు పత్రం ధరలో కొంత వెనక్కి వస్తుంది.

మూడేళ్ల గడియారం

పాత కారుకు తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు. ఇందులో జనం తప్పు లెక్క వేసేది ఎక్కడంటే, ఆర్‌సీ మీద తేదీ చూసుకుంటారు. లెక్క మొదలయ్యేది తయారీ తేదీ నుంచి. ఫ్యాక్టరీలో తయారై, ఓడెక్కి, డీలర్ యార్డులో నెలల తరబడి నిలబడి, ఆ తర్వాత రిజిస్టర్ అయిన కారుకు ఈ రెండు తేదీల మధ్య ఆరేడు నెలల తేడా మామూలు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కనిపించే పలకలో కొన్ని కంపెనీలు నెల, సంవత్సరం కొడతాయి, కొన్ని కొట్టవు. కొట్టకపోతే తయారీ సంస్థ నుంచే రాతపూర్వకంగా తీసుకోవాలి. మోడల్ ఇయర్ అని డీలర్లు చెప్పేది అమ్మకానికి పనికొచ్చే మాట మాత్రమే.

వెనక్కి లెక్కేస్తే ఇంకా బిగుసుకుంటుంది. అక్కడ పరీక్షలు, కాగితాలు, ఓడలో చోటు దొరకడం, ప్రయాణం, ఇక్కడ దిగడం అన్నీ కలిపి మూడు నాలుగు నెలలు సులువుగా పోతాయి. రెండున్నరేళ్లు దాటిన కారు గురించి ఆలోచన మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు.

జపాన్ వేలం మార్కెట్ల నుంచి చవగ్గా తెప్పించుకుందామనుకునేవారికి కూడా ఈ మూడేళ్లే అడ్డు. జపాన్‌లో కొత్త కారుకు మొదటి తప్పనిసరి తనిఖీ మూడేళ్లకు వస్తుంది, దాన్ని షాకెన్ అంటారు. దానికి బాగా ఖర్చవుతుంది కాబట్టి చాలామంది ఆ సమయానికి కారు వదిలించుకుంటారు. అంటే వేలానికి మంచి కార్లు వచ్చే వేళకు భారత్ తలుపు మూసుకుపోతుంది. కెన్యా ఎనిమిదేళ్ల దాకా, బంగ్లాదేశ్ ఐదేళ్ల దాకా రానిస్తాయి కాబట్టి నైరోబీలో, ఢాకాలో జపాన్ పాత కార్లు కుప్పలుతెప్పలుగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కనిపించవు.

సర్టిఫికెట్లు, రేవు

అసలు గొంతు పట్టుకునేది ఇక్కడ. వాడిన కారు దిగుమతి అయిన రోజు నుంచి కనీసం ఐదేళ్లు రోడ్డు మీద నడవగలదని హామీపత్రం ఇవ్వాలి. ఆ ఐదేళ్లూ దేశంలో సర్వీసు సౌకర్యం ఉంటుందని కూడా హామీ ఇవ్వాలి. ఓడ ఎక్కించే ముందు ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ దగ్గర కారును పరీక్షించి, అది భారత మోటారు వాహనాల నిబంధనలకు సరిపోతుందని సర్టిఫికెట్ తేవాలి. ఇక్కడ దిగాక మళ్లీ పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షకు నిలబడాలి.

ఒక కుటుంబం ఒక కారు కోసం ఈ పని చేయించుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. టైప్ అప్రూవల్ వ్యవస్థ అంతా వేల కార్లు తయారుచేసే కంపెనీల కోసం కట్టింది. ఒక మోడల్‌కు ఒకసారి పరీక్ష చేయించి, ఆ ఖర్చును అమ్మిన కార్లన్నిటి మీద పంచుకుంటారు. వ్యక్తికి పంచుకోవడానికి ఇంకో కారు ఉండదు. ఇండియాలో అధికారికంగా అమ్ముతున్న మోడల్, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ అయితే కంపెనీ భారత విభాగం నుంచి ఒక లేఖ వచ్చే ఆశ ఉంటుంది. ఇక్కడ అమ్మని ఇంజిన్ రకమైతే సర్వీసు హామీ ఎవరిస్తారు? కంపెనీ ఇవ్వదు, వీధి చివరి గ్యారేజీ ఇచ్చినా చెల్లదు. అందుకే ఓడలో చోటు బుక్ చేసేముందు చేయాల్సిన మొదటి పని, ఛాసిస్ నంబర్ రాసి భారత విభాగానికి మెయిల్ పెట్టడం. అక్కడి నుంచి 'మద్దతు ఇవ్వలేం' అని వస్తే మిగతా లెక్కలు వేయడం దండగ.

2018లో వచ్చిన సడలింపును కొందరు ఇక్కడ గుర్తుచేస్తారు. ఏడాదికి 2,500 వాహనాల దాకా ఇక్కడ మళ్లీ పరీక్ష లేకుండా రానిచ్చే ఆ ఏర్పాటు తయారీ సంస్థలకూ వాళ్ల అధీకృత ప్రతినిధులకూ మాత్రమే, అదీ కొత్త వాటికే. సొంత వాడకానికి తెచ్చుకునే పాత కారుకు దాంతో సంబంధం లేదు.

రేవు విషయంలోనూ ఒక ఉచ్చు ఉంది. కొత్త కార్లు దిగడానికి అనుమతించిన రేవుల జాబితా పొడుగ్గా ఉంటుంది, విశాఖపట్నం, చెన్నై అందులో ఉన్నాయి. పాత కార్లు మాత్రం ముంబై కస్టమ్స్ రేవులోనే దిగాలి. ఇంటి సామానుతో పాటే కదా అని షిప్పింగ్ వాళ్లు చెన్నైకో విశాఖకో బుక్ చేసేస్తే, సామాను బయటకొస్తుంది, కారు లోపలే ఉండిపోతుంది. ముంబైకి బుక్ చేశామనుకున్నా కంటైనర్ ఓడలు ఎక్కువగా ఆగేది సముద్రపు పాయ అవతలున్న నవ షేవాలో. విధానంలో ఆ రెండూ వేర్వేరు పేర్లు. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రంలో) దించే రేవు ఏం రాస్తున్నారో, క్లియరింగ్ ఏజెంట్‌తో మాట్లాడి రాతపూర్వకంగా ఖాయం చేసుకున్నాకే కారును అప్పగించాలి.

అప్పగించే దేశంలోనూ పని ఉంటుంది. కారు మీద ఫైనాన్స్ ఉంటే తీరేదాకా అది కంపెనీ సొత్తు, దేశం దాటించడం కుదరదు. బ్రిటన్‌లో అయితే వీ5సీ లాగ్‌బుక్‌లోని (అక్కడి ఆర్‌సీ లాంటిది) శాశ్వత ఎగుమతి భాగాన్ని నింపి, చింపి అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్ఏకు పంపాలి. మిగిలిన పుస్తకం దగ్గరే ఉంచుకోవాలి, ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు అదే మూలపత్రం.

లెక్క

ఇన్ని దాటాక సుంకం వస్తుంది. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో పాత కార్ల మీద మూల సుంకం 125 శాతం నుంచి 70 శాతానికి తగ్గిందని వార్తలొచ్చాయి. సంబరపడటానికి ఏమీ లేదు. అంతకుముందు 125 శాతానికి, అందులో పదో వంతైన 12.5 శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జీ కలిసి 137.5 అయ్యేది. ఇప్పుడు మూల సుంకం 70, వ్యవసాయ మౌలిక వసతుల సెస్ 67.5, సర్‌చార్జీ లేదు. కూడితే మళ్లీ అదే 137.5.

దాని మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతులకు పడే జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి పరిహార సెస్ పోయి, పెద్ద కార్ల మీద 40 శాతం, నాలుగు మీటర్లలోపు పొడవుండి 1,200 సీసీ దాటని పెట్రోల్ లేదా 1,500 సీసీ దాటని డీజిల్ చిన్న కార్ల మీద 18 శాతం, ఎలక్ట్రిక్ కార్ల మీద 5 శాతం ఉంది. దేశంలో పాత కార్ల వ్యాపారులు లాభం మీద కట్టే 18 శాతం జీఎస్టీని చూసి, దిగుమతికీ అదే వర్తిస్తుందనుకునేవారు ఉన్నారు. అది ఇక్కడ కొని ఇక్కడే అమ్మే డీలర్ కోసం పెట్టిన పద్ధతి. రేవులో పూర్తి విలువ మీదే పడుతుంది.

ఆ విలువ ఎలా కడతారన్నదే అన్నిటికంటే పెద్ద గొడవ. తన కారును తనే తెచ్చుకునే వ్యక్తి దగ్గర అమ్మకపు ధర అంటూ ఉండదు. కాబట్టి కారు కొత్తగా ఉన్నప్పటి ధర తీసుకుని తరుగుదల తీసేస్తారు. మొదటి ఏడాది మూణ్నెల్లకు 4 శాతం, రెండో ఏడాది 3 శాతం, మూడో ఏడాది 2.5 శాతం చొప్పున. నిండా రెండేళ్లకు 28 శాతం, మూడేళ్లకు 38. లండన్ మార్కెట్లో మూడేళ్లకు సగం ధరకు పడిపోయిన కారుకూ ఈ పట్టికే. 'అక్కడ ఇంతకే కొంటారు' అని వెబ్‌సైట్ ధర చూపిస్తే వినేవాళ్లు అరుదు.

ఒక కారు కొత్తప్పటి ధర మన రూపాయల్లో 25 లక్షలు అనుకుందాం. రెండేళ్లు నిండాయి, తరుగుదల పోగా 18 లక్షలు. ఓడ కిరాయి, బీమా 2 లక్షలు కలిపితే 20 లక్షలు. ఓడ కిరాయి రసీదు పోగొట్టుకోకూడదు. అది చూపించలేకపోతే కిరాయి కింద కారు విలువలో 20 శాతం, బీమా కింద 1.125 శాతం వేసుకునే అధికారం నిబంధనల్లోనే ఉంది, అప్పుడు ఆ 2 లక్షలు దాదాపు 3 లక్షల 80 వేలవుతుంది. సరే, 20 లక్షల మీద మూల సుంకం 14 లక్షలు, సెస్ 13.5 లక్షలు. మొత్తం 47.5 లక్షలు. దాని మీద 40 శాతం ఐజీఎస్టీ 19 లక్షలు. కస్టమ్స్ గేటు దాటేసరికి 66.5 లక్షలు. అందులో ప్రభుత్వానికి వెళ్లింది 46.5 లక్షలు. అదే ఎలక్ట్రిక్ అయితే 50 లక్షల లోపే ఆగుతుంది. తెచ్చుకోవడంలో కాస్త అర్థం కనిపించేది అక్కడే. అయితే బ్యాటరీకి ఐదేళ్ల సర్వీసు హామీ ఎవరిస్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

అక్కడితో అయిపోదు. ముంబై నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో నంబరు లేని కారు నడుపుకుంటూ రాలేరు, క్యారియర్ ట్రక్కు మీద రావాలి. ఆర్టీఏ ఆఫీసులో ఫారం 20తో పాటు బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం), కస్టమ్స్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పరీక్షా సంస్థ సర్టిఫికెట్, విదేశీ రిజిస్ట్రేషన్ రద్దయిన పత్రం, బీమా పెట్టాలి. లైఫ్ ట్యాక్స్‌కు లెక్కించే ధరలో కస్టమ్స్ సుంకం కూడా కలుస్తుంది. రేటు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, 18 శాతం అనుకుంటే 66.5 లక్షల మీద దాదాపు 12 లక్షలు. కారు వయసును బట్టి కొంత తగ్గొచ్చు. బీమా కంపెనీకేమో ఇక్కడ అమ్మని మోడల్‌కు ఐడీవీ (బీమాకు లెక్కగట్టే కారు విలువ) ఎంత రాయాలో తెలియదు, థర్డ్ పార్టీ ఇచ్చి ఊరుకునే వాళ్లే ఎక్కువ.

శాశ్వతంగా తిరిగొచ్చేవారికి ఏదో రాయితీ ఉందన్న మాట బాగా తిరుగుతుంది. విధానంలో వాళ్ల కోసం ఒక విడి వర్గం ఉన్న మాట నిజమే: రెండేళ్లు వరుసగా విదేశంలో ఉండి, కారు కనీసం ఏడాది తమ పేరున ఉన్నవారు. అది కారు తెచ్చుకోవడానికి ఒక అర్హత మాత్రమే, సుంకంలో తగ్గింపు కాదు. ఇంటి సామాను మీద తిరిగొచ్చేవారికి దొరికే రాయితీ కారుకు అంటదు. లగేజీగా తెచ్చే వస్తువుల టారిఫ్ శీర్షిక 9803 నుంచి మోటారు వాహనాలను స్పష్టంగా తీసేశారు. ఎడమ స్టీరింగ్ కారుకు కూడా ఈ దారిలో మినహాయింపు ఉంటుందని ఏజెంటు ఎవరైనా చెబితే అడ్వాన్సు ఇవ్వకపోవడం మంచిది.

భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద కూడా ఆశలున్నాయి. 2025 జులై 24న సంతకమైన ఆ ఒప్పందంలో కార్ల సుంకం తగ్గేది కోటాల ప్రకారం, బ్రిటన్‌లో తయారైన కార్లకు. లండన్‌లో కొన్నంత మాత్రాన కారు బ్రిటన్‌ది అయిపోదు. అక్కడి రోడ్ల మీద తిరిగేవాటిలో జర్మనీ, స్పెయిన్, జపాన్, కొరియాల్లో తయారైనవే చాలా ఉంటాయి.

రేవులో ఇరుక్కుంటే

షరతు ఒకటి తప్పిన కారు దిగితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తుకు అర్హమవుతుంది, 112 కింద జరిమానా పడుతుంది. 125 కింద విమోచన జరిమానా కట్టి విడిపించుకునే వీలుంటుంది గానీ, నిషిద్ధ సరుకు అని తేల్చితే ఆ అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది అధికారి విచక్షణ. చాలా సందర్భాల్లో మిగిలేది తిరిగి పంపడమే, దానికి ఇంకోసారి ఓడ కిరాయి. ఈలోగా ఉచితంగా ఉంచే కొద్ది రోజులు దాటగానే డెమరేజ్ (రేవులో నిలిపి ఉంచినందుకు పడే రుసుము), కంటైనర్ అద్దె రోజువారీగా ఎక్కుతాయి. 30 రోజుల్లో విడిపించని సరుకును నోటీసు ఇచ్చి అమ్మేసే అధికారం 48వ సెక్షన్ ఇస్తుంది. వాదన గెలిచినా కారు విలువను డెమరేజ్ తినేసిన సందర్భాలు ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్త కాదు.

పనికొచ్చే రెండు దారులు

కారును ఇక్కడ శాశ్వతంగా ఉంచుకోవాలని కాకుండా కొన్నాళ్లు తిప్పుకుని వెళ్లిపోవాలనుకుంటే కార్నే పద్ధతి ఉంది. కార్నే అంటే కారుకు పాస్‌పోర్టు లాంటి పత్రం. కారు రిజిస్టర్ అయిన దేశంలోని ఆటోమొబైల్ సంఘం, పూచీకత్తు తీసుకుని దాన్ని ఇస్తుంది. దాంతో సుంకం కట్టకుండా కారును తెచ్చి, ఆరు నెలల్లోపు వెనక్కి తీసుకెళ్లాలి. ఎడమ స్టీరింగ్ కారైనా ఫర్వాలేదు. 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా, పొల్యూషన్ పత్రాలు బండిలోనే ఉండాలి, ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదం ఉండాలి. ఇక్కడి ప్రయాణికులను, సరుకును రవాణా చేయకూడదు. ఇక్కడే కాపురముండేవాళ్లు వాడుకోవడానికి ఇది కాదు. గడువు దాటి కారు ఇక్కడే ఉండిపోతే సుంకం మొత్తం పూచీ ఇచ్చిన సంఘం నుంచి వసూలవుతుంది, వాళ్లు యజమాని మీద పడతారు.

రెండోది పాతకాలపు కార్లది. 50 ఏళ్లు దాటిన కార్లను లైసెన్సు లేకుండా సొంతానికి తెచ్చుకునేలా 2025లో విధానం సడలించారు. తెచ్చినది అమ్మకూడదు. సుంకంలో తగ్గింపు లేదు గానీ, మూడేళ్ల గొడవ లేదు. రిజిస్ట్రేషన్‌కు 2021లో వచ్చిన విడి నిబంధనలు ఉన్నాయి. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలుంటాయి. ర్యాలీకీ, ప్రదర్శనకీ, మరమ్మతుకీ, పెట్రోలు పోయించుకోవడానికీ తప్ప రోజువారీగా నడపకూడదు. తాతగారు కొలంబోలోనో కౌలాలంపూర్‌లోనో వాడిన బండిని తెచ్చుకోవాలనుకునేవాళ్లకు ఈ దారి నిజంగా పనికొస్తుంది. ఆఫీసుకు వెళ్లిరావడానికి కారు కావాలనుకునేవాళ్లకు పనికిరాదు.

దొడ్డిదారి కార్లు

గడప ఇంత ఎత్తున్నప్పుడు గోడ దూకేవాళ్లు పుడతారు. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ చేపట్టిన 'నుమ్‌ఖోర్' దాడుల్లో బయటపడింది అదే. భూటాన్ మీదుగా వచ్చిన ఖరీదైన పాత కార్లు తప్పుడు పత్రాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్టరై, అక్కడి నుంచి నంబరు మార్చుకుని కేరళ చేరాయన్నది అధికారుల ఆరోపణ. అదే ఏడాది హైదరాబాద్ కేంద్రంగా డీఆర్‌ఐ (స్మగ్లింగ్‌పై నిఘా పెట్టే కేంద్ర సంస్థ) పట్టుకున్న కేసులో పద్ధతి వేరు. కార్లను దుబాయ్, శ్రీలంకల్లో కుడి స్టీరింగ్‌కు మార్పించి, విలువ సగానికి తగ్గించి చూపారన్నది అక్కడి అభియోగం.

కాబట్టి విదేశీ కారును ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు కూడా ఈ విషయం అవసరమే. సుంకం ఎగ్గొట్టిన కారును జప్తు చేసేటప్పుడు చర్య వస్తువు మీద ఉంటుంది, మూడో చేతిలో ఉన్నా, కొన్నవాళ్లకు ఏమీ తెలియకపోయినా బండి పోతుంది. ఆర్‌సీ ఒక్కటే చూసి బయానా ఇవ్వకూడదు. బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ, రేవు కోడ్ అడిగి కస్టమ్స్ వారి ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో ఆ పత్రం స్థితి చూడాలి. అందులోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బానెట్ ఎత్తి, తలుపు స్తంభం మీద, అద్దం కింది మూలలో చెక్కిన నంబర్లతో ఒక్కో అక్షరం పోల్చాలి. మొదటి రిజిస్ట్రేషన్ ఏ రాష్ట్రంలో, ఏ ఆఫీసులో జరిగిందో చూసి, దిగిన రేవుకూ యజమాని ఊరికీ సంబంధం లేని మూడో చోట అయితే ఎందుకని అడగాలి. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఇంజిన్ గోడ తడిమితే ఎడమవైపు మూసిన రంధ్రాలు, కొత్త వెల్డింగ్ గీతలు తగులుతాయేమో చూడాలి. బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ దొరకలేదని అమ్మేవాళ్లు అంటే, ఆ కారు ధర ఎంత తగ్గించినా కొనకూడదు.